సోడా విమానం వెనకాల రైలు
(మే 24, విమాన మెకానిక్కుల దినం సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకి, ముందు వరసలో కూర్చున్న పైలట్ మిత్రులకి నమస్కారం. వెనక వరసల్లో ఉన్న మావాళ్లకీ, మెకానిక్కులకీ నమస్కారం. మావాళ్లెప్పుడూ వెనకే కూర్చుంటారు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

నాకిచ్చిన అంశం తొలితరం పైలట్ల సాహసాలు. సరే. 1911లో అమెరికాలో ఆర్మర్ అనే మాంసం కంపెనీ 'విన్ ఫిజ్' అని ద్రాక్ష సోడా అమ్మేది. దాని ప్రచారానికి కాల్ రాడ్జర్స్ అనే పైలట్‌ని పట్టుకుంది. రెక్కల అడుగున సోడా పేరు. మిస్సిసిపీ నదికి తూర్పున మైలుకి 5 డాలర్లు, దాటాక 4. మన ఊళ్లలో మైకు కట్టుకుని సినిమా బండి తిరిగేది చూడండి, అదే వ్యవహారం, కాకపోతే గాల్లో. 30 రోజుల్లో దేశం దాటితే పత్రికల యజమాని హర్‌స్ట్ ఇస్తానన్న 50,000 డాలర్ల మీదా ఆయనకి ఆశ.

సెప్టెంబరు 17న న్యూయార్క్‌లో లేచాడు. మర్నాడే చెట్టుకి తగిలి కోళ్లగూటి మీద కూలాడు. దిక్కు చూపే పరికరాలేవీ లేవు, రైలు పట్టాలే దారి. ఒకసారి పట్టాలు పొరబడి స్క్రాంటన్‌లో దిగితే, జనం ఎగబడి విమానం మీద పేర్లు రాశారు. మన గోల్కొండ గోడల మీద రాసినట్టే! కాలిఫోర్నియా చేరాక గాల్లోనే సిలిండర్ పేలి ఇనప ముక్కలు చేతిలో దిగాయి. పైగా మనిషికి చిన్నప్పటి జ్వరంతో చెవుడు. ఇంజను మొరాయించే ముందు చప్పుడు మారుతుంది కదా, అది ఆయన చెవిన ఎంతవరకు పడేదో!

పసడీనా చేరేసరికి 49 రోజులు. బహుమతి పోయింది. ఎన్నిసార్లు కూలినా విమానం మళ్లీ ఎలా లేచిందంటారా? విమానం వెనకాలే వస్తున్న రైల్లో మెకానిక్ చార్లీ టేలర్ ఉన్నాడు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇదీ. రైట్ సోదరుల 1903 విమానానికి ఇంజను చేసింది ఈయనే, ఆరు వారాల్లో. రాడ్జర్స్ రోజుకి 10 డాలర్లు ఇస్తానంటే ఈ రైలెక్కాడు. దారి పొడుగునా అతుకులే. బయల్దేరిన విమానంలో చివరిదాకా మిగిలిన అసలు భాగాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఊరూరా దండలు మాత్రం రాడ్జర్స్ మెడలో.

ఆయన్ని తక్కువ చేయడం లేదు. పాపం, 1912 ఏప్రిల్ 3న లాంగ్ బీచ్‌లో సముద్రపక్షుల గుంపులో ఎగురుతూ కూలి చనిపోయాడు. కానీ నా సర్వీసులో ఒక సభ జరిగింది. కొత్త విమానానికి కొబ్బరికాయ, పైలట్‌కి శాలువా. మూడు రాత్రులు దాని కింద పడుకుని లేచిన మేం తాడుకి అవతల నిలబడ్డాం. గ్రీజు చేతులతో ఫొటో పాడవుతుందన్నారు. ఆ మాట అన్నాయన పేరు చెప్పను.

టేలర్ చేతిలో డబ్బు నిలవలేదు. ఆర్విల్ రైట్ తన విల్లులో ఆయనకి ఏటా 800 డాలర్లు రాశాడు. 1956లో టేలర్ పోయాడు. ఆయన పుట్టినరోజేనండీ, ఈరోజు మనం జరుపుకుంటున్నది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క నిమిషం. వెనక వరసలవాళ్లూ, ఇలా ముందుకి రండి. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.