బరువైన బాణం గురించి నాలుగు మాటలు

సభకు నమస్కారం. ఆహ్వాన పత్రికలో నా అంశం ‘పురాణాల్లో విలువిద్య’ అని వేశారు. అధ్యక్షులవారు మన్నించాలి. పురాణం చెప్పేవాళ్లకి హైదరాబాద్‌లో కొదవ లేదు. నా బాధ వేరే. మీరంతా స్పీడ్ పిచ్చిలో పడి బాణం బరువు తగ్గించుకుంటూ పోతున్నారు.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువుల వేట నేరం. అందులో వాదనేమీ లేదు. కానీ బాణం ఎంత లోతుకి దిగుతుందో లెక్క తీసింది వేట అనుమతి ఉన్న దేశాలవాళ్లే. సగం దిగిన బాణంతో జంతువు పారిపోయి ఎక్కడో నరకయాతన పడి చస్తుంది కదా, అందుకు. 1980ల్లో దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో అమెరికన్ వేటగాడు ఎడ్ ఆష్‌బీ పరీక్షలు చేశాడు. పెద్ద ఎముకని దాటాలంటే బాణం 650 గ్రెయిన్లకు, అంటే సుమారు 42 గ్రాములకు తగ్గకూడదన్నాడు.

మీ బాణాలు ఎంతున్నాయి? ఎవరైనా తూచారా?

నేను తూయించాను. ఒకే బరువని చెప్పి నాకు అమ్మిన సెట్టు పట్టుకుని జనరల్ బజార్‌లో తెలిసిన కంసాలి దగ్గరికి వెళ్లాను. "ఏంది సారూ, బాణాలకు గూడ హాల్‌మార్కా?" అని నవ్వాడు. కాటా మీద పెడుతుంటే ఏ రెండూ కలవలేదు. నవ్వు ఆపి, "మా దగ్గర ఇంత తేడా వస్తే దుకాణం మూసుకోవాల్సిందే" అన్నాడు. అమ్మినాయన్ని అడిగితే ఏమన్నాడో తెలుసా? "స్పీడ్ చూడండి సార్, బరువుతో పనేంటి?" అట! డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకి నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పని ఉందండీ. మాటవరసకి 26 గ్రాముల బాణం సెకనుకి 55 మీటర్లు పోతే, అదే వింటి నుంచి 42 గ్రాములది 46 మీటర్లు పోయిందనుకోండి. బరువుని వేగంతో గుణించండి. రెండోదాని ద్రవ్యవేగం మూడో వంతుకి పైగా ఎక్కువ. క్యారమ్స్‌లో తేలిక స్ట్రైకర్‌తో ఎంత గట్టిగా కొట్టినా కాయిన్ సరిగ్గా కదలదు చూడండి, అదే సంగతి. పైగా తేలిక బాణం తీసుకోలేని శక్తి వింట్లోనే మిగిలిపోతుంది. చప్పుడు, వణుకు అదే. చెక్క విల్లయితే ఓ రోజు ఫట్‌మని విరుగుతుంది. చెక్క విల్లుకి ఒక్కో పౌండు లాగుడుకి 10 గ్రెయిన్ల బాణం బరువు ఉండాలని పాతవాళ్లు ఊరికే అనలేదు.

అలాగని బరువు పెంచడానికి ఇవాళే ములికి వెనక ఇత్తడి ముక్క బిగించేయకండి! ముందు భాగం బరువెక్కితే వదిలినప్పుడు కాడ ఎక్కువ వంగుతుంది, అడ్డంగా పోతుంది. అడ్డంగా తగిలిన బాణం ఎంత బరువున్నా దిగదు. ఇంకాస్త గట్టి కాడ తీసుకోండి. దూరం పెరిగేకొద్దీ బరువు బాణం ఎక్కువగా కిందికి జారుతుంది కూడా, ఒప్పుకుంటాను. అందుకే సంప్రదాయ వింటితో వేటాడేవాళ్లు సాధారణంగా ఇరవై గజాల లోపే వేస్తారు. డెబ్భై మీటర్ల పోటీ ఆడే పిల్లలు నా మాట వినక్కర్లేదు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. కాటా తెచ్చాను, భోజనాలయ్యాక రండి. అర్జునుడి సంగతి వచ్చేసారి.