భయం లేని మనసు, బట్టీ పట్టిన పద్యం

(మదనపల్లెలో రవీంద్రనాథ్ ఠాగూర్ వర్ధంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికీ, వేదిక మీది పెద్దలకీ, ముసురు పట్టినా వెనక్కి తగ్గకుండా వచ్చిన మీకందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన అరగంటలో పావుగంట దానికే సరిపోతుంది. పెద్దలు మన్నించాలి.

ఆహ్వాన పత్రికలో నా అంశం ‘రవీంద్రుడి కవిత్వంలో ఆధ్యాత్మికత, స్వేచ్ఛ, మృత్యువు’ అని వేశారు. ఒక్కో మాటకీ ఒక్కో సభ పెట్టుకోవచ్చు. నాకు మాత్రం ఆయన దగ్గర ఈ మూడూ ఒకటే గొడవగా కనిపిస్తాయి. దేవుడంటే భయం, దొరంటే భయం, చావంటే భయం. ఎనభయ్యేళ్ళూ ఆయన ఈ భయంతోనే పెనుగులాడాడు.

ఇవాళ ఆగస్టు 7. 1941లో ఈ రోజునే కలకత్తాలో, తాను పుట్టిన జొరాసాంకో ఇంట్లోనే కన్నుమూశాడు. మన ఊళ్ళో ఆయన పేరెత్తితే చాలు, అందరికీ ఒకటే కథ కంఠతా వచ్చు. 1919 ఫిబ్రవరిలో దివ్యజ్ఞాన కళాశాలకి వచ్చాడు, జనగణమనని ఇక్కడే ఇంగ్లీషు చేశాడు, ఆ కళాశాల ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి రాసింది. నిజమే, గర్వపడాల్సిందే. కానీ ప్రతి ఏడూ అక్కడితోనే ఆగిపోతాం. ఇక్కణ్ణుంచి వెళ్ళిన మూడు నెలలకి ఆయన చేసిన పని మాత్రం ఎవరూ ఎత్తరు.

ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్ జరిగింది. పంజాబులో సైనిక శాసనం నడుస్తోంది. మే నెలాఖరున ఈయన వైస్రాయి ఛేమ్స్‌ఫర్డ్‌కి ఉత్తరం రాశాడు. 1915లో మీరిచ్చిన ‘సర్’ బిరుదు నాకొద్దు, ఈ అవమానం మధ్య ఆ బిరుదే సిగ్గుగా ఉంది, ఏ ప్రత్యేకతా లేకుండా నా జనం పక్కన నిలబడతాను అని దాని సారాంశం. మన ఊళ్ళో పాట అనువదించిన చెయ్యే ఆ ఉత్తరమూ రాసింది. శిలాఫలకం వేయించే పెద్దలెవరైనా ఉంటే ఈ మాట కూడా చెక్కించండి.

నేను రాసుకొచ్చిన వరస వేరే. ముందు ఉపనిషత్తులు, తండ్రి దేవేంద్రనాథుడి బ్రహ్మసమాజం, బెంగాల్ పల్లెల్లో పాడుతూ తిరిగే బావుల్ సాధువుల పాటలు, ఆ తరవాత గీతాంజలి. కాయితం జేబులోనే ఉంది. కానీ ఇందాక ఈ పిల్లలు వరసగా నిలబడి, పెదాలు కదుపుతూ పద్యం వల్లె వేసుకోవడం చూశాక ఒక సంగతి చెప్పకుండా ఉండలేను.

అదొక బడి. పేరెందుకు లెండి. వార్షికోత్సవం. మూడో తరగతి పిల్లాడికి దూదితో తెల్ల గెడ్డం అంటించారు. పెద్దవాళ్ళ జుబ్బా తొడిగితే చేతులు మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి. ‘మనసు ఎక్కడ నిర్భయంగా ఉంటుందో, తల ఎక్కడ ఎత్తుకుని ఉంటుందో’, ఆ పద్యం ఇంగ్లీషులో చెప్పాలి. చక్కగా మొదలుపెట్టాడు. ప్రపంచాన్ని ముక్కలు చేసే ఇరుకు గోడల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు, మళ్ళీ అక్కడే ఆగాడు. జనం నవ్వారు. లోపలికి తీసుకెళ్ళగానే చెంప ఛెళ్ళుమన్న చప్పుడు. మైకు ఇంకా ఆపలేదేమో, ముందు వరస దాకా వినిపించింది. నేను లేచి వెళ్ళేసరికి గెడ్డం సగం ఊడి వేలాడుతోంది, కళ్ళనీళ్ళకి దూది తడిసి బుగ్గకి అతుక్కుపోయింది. ‘ఏమమ్మా ఇది’ అన్నాను. ‘మీకేం సార్, నెలరోజులు నేర్పించినాను, ముఖ్య అతిథి ముందర పరువు తీసినాడు’ అంది ఆ టీచరమ్మ. తప్పు ఆమె ఒక్కదానిదే కాదు. ఆమెని కూడా ఎవరో లోపలికి పిలిచి అరిచే ఉంటారు.

భయం లేని మనసు గురించిన పద్యాన్ని భయపెట్టి నేర్పాం! ఇంతకంటే ఆ మహానుభావుణ్ణి ఎవరైనా అవమానించగలరా, మీరే చెప్పండి.

ఆ పద్యం 1901లో వచ్చిన ‘నైవేద్య’ సంపుటిలోది. ఆ ఏడే ఆయన శాంతినికేతన్‌లో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది పిల్లలతో చెట్ల కింద బడి పెట్టాడు. ఎందుకు పెట్టాడు? చిన్నప్పుడు బళ్ళో కూర్చోలేక పారిపోయినవాడు కనుక. 1918లో ‘తోతా కాహినీ’ అని చిలక కథ రాశాడు. రాజుగారు చిలకకి చదువు చెప్పించమంటాడు. బంగారు పంజరం వస్తుంది, పండితులొస్తారు, పుస్తకాల కాయితాలు చింపి దాని నోట్లో కుక్కుతారు. పాట ఆగిపోతుంది, ఆఖరికి ప్రాణమూ పోతుంది. రాజు వేలితో నొక్కి చూస్తే ఉలుకూ పలుకూ లేదు, కడుపులో ఎండు కాయితాలు గలగలలాడాయి. నవ్విస్తూ రాసిన కథ, కానీ ఇంట్లో చదువుకునే పిల్లలున్నవాళ్ళకి నవ్వు రాదు.

ఆయన దేవుడూ అంతే, పంజరంలో ఇమడడు. భజనా పూజా పక్కన పెట్టు, తలుపులు మూసిన గుడి మూల ఎవర్ని కొలుస్తున్నావు, ఆయన గట్టి నేల దున్నే రైతు దగ్గర, రాళ్ళు కొట్టి దారి వేసేవాడి దగ్గర ఉన్నాడు అంటాడు గీతాంజలిలో. వైరాగ్యంతో వచ్చే ముక్తి నాకక్కర్లేదు, లెక్కలేనన్ని బంధాల మధ్యే నాకు విముక్తి అన్నదీ ఆయనే. ఈ రెండో మాట నాకు మరీ ఇష్టం. సంసారుల పక్షాన మాట్లాడే వేదాంతి దొరకడం అరుదు.

బంధాలు కావాలన్నవాడికి చావు ఊరుకుంటుందా? పద్నాలుగు నిండకముందే తల్లి పోయింది. 1884లో వదిన కాదంబరి ఆత్మహత్య చేసుకుంది. 1902లో భార్య మృణాళిని, మరుసటి ఏడు కూతురు రేణుక, 1905లో తండ్రి. 1907లో సెలవులకి ముంగేర్ వెళ్ళిన చిన్న కొడుకు శమీంద్ర కలరాతో పోయాడు, పదకొండో ఏట. చాలా ఏళ్ళ తరవాత, 1932లో, కూతురు మీరాకి ఒక్కగానొక్క కొడుకు పోతే ఆమెకి ఉత్తరం రాస్తూ ఈ సంగతి ఎత్తాడు. శమీ పోయిన మర్నాటి రాత్రి రైల్లో వస్తూ చూశాను, ఆకాశం వెన్నెల్లో మునిగిపోతోంది, ఎక్కడా ఏదీ తగ్గిన జాడ లేదు, తగ్గలేదనే మనసూ చెప్పింది, అన్నిటిలో అన్నీ ఉన్నాయి, నేనూ అందులోనే ఉన్నాను, దానికోసం నేను చెయ్యాల్సిన పనీ మిగిలే ఉంది అన్నాడు.

పరామర్శకి వెళ్ళి ‘అంతా వాడి లీల’ అనేసి కాఫీ తాగి వస్తామే, అది కాదిది. పిల్లవాణ్ణి పోగొట్టుకున్న తండ్రి తన దుఃఖం కంటే లోకం పెద్దదని ఒప్పుకోవడం. నాకైతే చేతకాదు. మీలో ఎవరికైనా చేతనవుతుందా?

అలాగని అన్నీ తెలిసిన ఋషిలా ఆయన్ని పటం కట్టకండి. పోవడానికి పదకొండు రోజుల ముందు, జులై 27న చెప్పిన కవిత చూడండి. మొదటి రోజు సూర్యుడు కొత్తగా వెలిసిన ప్రాణిని ‘ఎవరు నువ్వు’ అనడిగాడు, జవాబు రాలేదు. ఏళ్ళు గడిచాయి. పడమటి సముద్రపు ఒడ్డున ఆఖరి సూర్యుడు మళ్ళీ అదే అడిగాడు, జవాబు లేదు. కవిత అంతే. నోబెల్ తెచ్చుకున్న భక్తికవి, చావు ముంగిట నిలబడి, నాకు జవాబు దొరకలేదని రాయించాడు. నా లెక్కలో ఆయన ఆధ్యాత్మికత ఇదే.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క విన్నపం చేసి కూర్చుంటాను. ఇక్కడ నలుగురైదుగురు ప్రధానోపాధ్యాయులు ఉన్నారు. వచ్చే ఏడు ఈ పద్యపఠనం పోటీ మానేద్దాం. బదులు ఆయన రాసిన ‘డాక్‌ఘర్’, అంటే పోస్టాఫీసు, నాటకం వేద్దాం. జబ్బుపడ్డ అమల్ అనే పిల్లాడు, గడప దాటకూడదన్న వైద్యుడు, ఒక కిటికీ. ఆ కిటికీలోంచే పెరుగు అమ్మేవాడితో, కావలివాడితో, పూలమ్మాయి సుధతో మాట్లాడతాడు. రాజుగారి ఉత్తరం కోసం కాచుకుంటాడు. 1942 జులైలో, పోలండులో నాజీలు యూదుల్ని నిర్బంధించిన వార్సా ఘెట్టోలో, అనాథాశ్రమం నడిపే డాక్టరు యానుష్ కోర్చాక్ తన పిల్లలతో ఈ నాటకమే వేయించాడు. మూడు వారాలు తిరక్కుండానే, ఆగస్టులో, సుమారు 200 మంది పిల్లల్నీ ఆయన్నీ ట్రెబ్లింకా అనే నాజీల మరణశిబిరానికి తరలించారు. బెంగాల్ పిల్లాడి కథ అక్కడిదాకా ఎలా వెళ్ళిందో పిల్లలకి చెప్పండి.

ఖర్చేమీ లేదు, ఒక మంచం, ఒక కిటికీ చాలు. మాటలు మరిచిపోతే సొంతంగా చెప్పుకోమందాం, అమల్ కూడా అలాగే నోటికొచ్చింది మాట్లాడే పిల్లాడు. పిల్లల వేషాలకి మనుషులున్నారు. రాజవైద్యుడికే పెద్దవాళ్ళెవరైనా కావాలి. చిన్న వేషమే, చివర్లో వచ్చి తలుపులూ కిటికీలూ అన్నీ తెరవమంటాడు. వెయ్యాలని ఉన్నవాళ్ళు సభ అవగానే ఆ కుడి పక్క ద్వారం దగ్గర నన్ను కలవండి. నమస్కారం.