ఒకే టామ్‌క్యాట్, మూడు అప్లికేషన్లు, ఎవరి లాగ్ వాళ్లకి

అందరికీ నమస్కారం. ఇక్కడున్న వాళ్లలో చాలామంది జావాలో అప్లికేషన్లు రాసేవాళ్లు. నేను వాటిని సర్వర్ మీద పెట్టి, రాత్రీ పగలూ చూసుకునేవాణ్ణి. అందుకే ఈ రోజు లాగ్‌ల గురించి, అంటే అప్లికేషన్లు తాము చేసింది రాసుకునే ఫైళ్ల గురించి మాట్లాడతానన్నాను.

కొన్నేళ్ల కిందట ఒక కాలేజీలో ఒకే టామ్‌క్యాట్ (జావా వెబ్ అప్లికేషన్లు నడిపే సర్వర్ ప్రోగ్రామ్) మీద మూడు అప్లికేషన్లు నడిచేవి. ఫీజులకి ఒకటి, హాస్టల్ హాజరుకి ఒకటి, లైబ్రరీకి ఒకటి. ఫీజు కట్టడానికి ఆఖరి రోజు సాయంత్రం సైట్ ఆగిపోయింది. టామ్‌క్యాట్ ముద్రించేవి చేరే కాటలినా డాట్ అవుట్ ఫైల్ తెరిస్తే ఒకటే లైను వందలసార్లు కనబడింది: "డేటాబేస్ కనెక్షన్ దొరకలేదు." మూడింటికీ డేటాబేస్ ఒకటే, దానితో మాట్లాడే కోడ్ కూడా ఒకటే. కాబట్టి లైనులో క్లాసు పేరు చూసినా ఎవరిదో తెలియదు. ఫీజులదేనని నమ్మి రెండు గంటలు అందులోనే వెతికాం. కౌంటర్ దగ్గర ఒక తండ్రి, ఖాతాలో డబ్బు కట్ అయిందన్న మెసేజ్ చూపిస్తూ అలాగే నిలబడి ఉన్నారు. ఆయన చేతిలో రసీదు పెట్టలేకపోయాం. చివరికి తేలిందేమిటంటే, హాస్టల్ అప్లికేషన్ కనెక్షన్లు తీసుకుని తిరిగి ఇవ్వడం లేదు. దాని లాగ్ విడిగా ఉండి ఉంటే ఐదు నిమిషాల పని.

అసలు ఎందుకు కలుస్తాయి? అప్లికేషన్లు మూడైనా జేవీఎం, అంటే జావా ప్రోగ్రాములు నడిపే ఇంజన్, ఒకటే. జావా కోడ్ నేరుగా ముద్రించేవి వెళ్లే సిస్టమ్ డాట్ అవుట్ ఒకటే. జావాతో వచ్చే లాగింగ్‌లో లాగ్ సెట్టింగులు చూసుకునే లాగ్ మేనేజర్ కూడా జేవీఎం మొత్తానికి ఒక్కటే. టామ్‌క్యాట్ వాళ్లు ఈ ఇబ్బంది గుర్తించి జూలీ అనే సొంత లాగ్ మేనేజర్ పెట్టారు. అది ఒక్కో అప్లికేషన్‌ని దాని క్లాస్‌లోడర్‌ని (దాని కోడ్‌ని లోడ్ చేసే భాగాన్ని) బట్టి గుర్తుపడుతుంది. మీరు చేయాల్సిందల్లా అప్లికేషన్‌లోని వెబ్-ఇన్ఫ్ ఫోల్డర్ కింద, క్లాసెస్ ఫోల్డర్‌లో, లాగింగ్ డాట్ ప్రాపర్టీస్ ఫైల్ పెట్టి ఫోల్డరూ, ఫైల్ పేరూ, లెవెలూ (ఎంత వివరంగా రాయాలన్నది) ఇవ్వడమే.

లాగ్‌లు రాయడానికి విడిగా దొరికే లాగ్‌ఫోర్‌జే అనే కోడ్ ప్యాకేజీ వాడితే కథ వేరు. అక్కడ జార్ (దాని కోడ్ ఉన్న ఫైల్) ఎక్కడుందన్నదే అసలు సంగతి. మా కాలేజీ సర్వర్‌లో ఎవరో చోటు కలిసొస్తుందని ఆ జార్‌ని టామ్‌క్యాట్ లిబ్ ఫోల్డర్‌లో పెట్టారు. అక్కడ పెడితే దాన్ని అందరూ పంచుకుంటారు. ఒకరి సెట్టింగ్ ఇంకొకరి మీద పడవచ్చు, ఒకరి లైను ఇంకొకరి ఫైల్‌లో తేలవచ్చు. జార్, దాని కాన్ఫిగరేషన్ ఫైల్ రెండూ ఎవరి వెబ్-ఇన్ఫ్‌లో వాళ్లకి ఉండాలి. ఫైల్ దారి పూర్తిగా రాయండి. ఉత్త పేరు రాస్తే, టామ్‌క్యాట్‌ని ఏ ఫోల్డర్‌లో నిలబడి స్టార్ట్ చేశారో అక్కడ ఫైల్ పుడుతుంది. రెండు అప్లికేషన్లకి ఒకే ఫైల్ పేరు ఇవ్వకండి. కొత్త రోజుకి కొత్త ఫైల్ మొదలుపెట్టడానికి అర్ధరాత్రి ఒకరు ఫైల్ పేరు మార్చుతుంటే ఇంకొకరు అందులో రాస్తుంటారు, లైన్లు పోతాయి.

ఈ పద్ధతికి ఖర్చు ఉంది, దాచను. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌జేలో లాగ్‌ఫోర్‌షెల్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు ప్రతి అప్లికేషన్‌నీ విప్పి అందులోని జార్ మార్చాల్సి వచ్చింది. ఒకేచోట ఉంటే ఒక్కసారి మార్చితే సరిపోయేది. అయినా నేను విడిగానే పెడతాను. ఏ అప్లికేషన్‌లో ఏ వెర్షన్ ఉందో ఒక పట్టిక రాసుకుంటే ఆ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

సిస్టమ్ డాట్ అవుట్‌తో ముద్రించే పాత కోడ్ ఉంటే, కాంటెక్స్ట్‌లో (టామ్‌క్యాట్‌లో ఆ అప్లికేషన్ సెట్టింగులు ఉండే చోట) స్వాలో అవుట్‌పుట్ అనే సెట్టింగ్‌ని ట్రూ చేయండి. రిక్వెస్ట్ నడుస్తుండగా ముద్రించినవి ఆ అప్లికేషన్ పేరుతో లాగ్‌లోకి వెళతాయి. అప్లికేషన్ సొంతంగా మొదలుపెట్టిన థ్రెడ్లు (వెనక నడిచే పనులు) ముద్రించేవి మాత్రం పట్టుబడవు. ఎవరు ఏ పేజీ అడిగారో రాసే యాక్సెస్ లాగ్ కూడా కాంటెక్స్ట్‌లోనే వాల్వ్ అనే భాగం పెట్టి విడదీయవచ్చు.

అన్నీ విడదీశాక కూడా కాటలినా డాట్ అవుట్ పెరుగుతూనే ఉంటుంది. దాన్ని టామ్‌క్యాట్ తనంతట తాను రొటేట్ చేయదు, అంటే పాతది పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టదు. డిస్క్ నిండిందని దాన్ని డిలీట్ చేస్తే చోటు తిరిగి రాదు, ఎందుకంటే టామ్‌క్యాట్ ఆ ఫైల్‌ని ఇంకా తెరిచే ఉంచుతుంది. లాగ్‌రొటేట్ అనే టూల్‌లో కాపీట్రంకేట్ పెట్టండి, అది కాపీ తీసుకుని అసలు ఫైల్‌ని ఖాళీ చేస్తుంది.

ఇప్పుడు పరీక్ష. మూడు టెర్మినళ్లు తెరిచి, ఒక్కోదానిలో ఒక్కో లాగ్‌కి టెయిల్ (కొత్త లైన్లు వచ్చినప్పుడల్లా చూపించే కమాండ్) పెట్టండి. బ్రౌజర్‌లో హాస్టల్ పేజీ ఒక్కటే తెరవండి. హాస్టల్ లాగ్ ఒక్కటే కదలాలి. ఫీజుల లాగ్ కూడా కదిలితే, ముందు టామ్‌క్యాట్ లిబ్ ఫోల్డర్ చూడండి. ఎవరో అక్కడ జార్ వదిలేసి ఉంటారు.