వత్తు తెగిన అక్షరం

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మిత్రులకు నమస్కారం. అధ్యక్షులు నా గురించి చెప్పిన మంచి మాటలకు కృతజ్ఞతలు. సమయం తక్కువ కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

‘డెవలపర్ సదస్సుకు ఎలా సిద్ధం కావాలి’ అన్నది నాకిచ్చిన అంశం. యాప్‌లు, ప్రోగ్రామ్‌లు రాసే డెవలపర్ల కోసం ఆపిల్, గూగుల్ లాంటి సంస్థలు పెట్టే సదస్సు అది. ఈసారి వెళ్తున్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. ఏడుగురు, ఎనిమిది మంది ఉన్నారు. సంతోషం. మీలో ఎంతమంది మీకు తెగని బగ్, అంటే ప్రోగ్రామ్‌లోని తప్పు, ఒకటి వెంట తీసుకెళ్తున్నారు? ఒక్క చెయ్యే మిగిలింది. వెనక వరుసలో అమ్మాయి. అమ్మా, మీతో తర్వాత మాట్లాడాలి, వెళ్లిపోకండి.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు తెల్లవారకముందే క్యూలో నిలబడ్డాను. కీనోట్‌ను, అంటే సంస్థ తన కొత్త సంగతులు ప్రకటించే ప్రారంభ ప్రసంగాన్ని, ముందు వరుసలో కూర్చుని వినాలని ఆశ. ఆ ఆశను నేను తప్పుపట్టను. 2014 జూన్ 2న ఆపిల్ సదస్సులో స్విఫ్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషను ప్రకటించారు. మర్నాటి నుంచి తాము రాయబోయే భాషే వేరని ఆ హాల్లో ఉన్నవాళ్లకు అప్పుడే తెలిసింది. అలాంటి చోట ఉండాలని ఎవరికి ఉండదు? అంతకుముందు ఏడాది ఆ సదస్సు టికెట్లు రెండు నిమిషాలు తిరిగేలోగా అయిపోయాయి. ధర చూస్తే 1,599 డాలర్లు! 2014 నుంచి లాటరీ పెట్టారు. గూగుల్ వాళ్ల డెవలపర్ సదస్సు గూగుల్ ఐ/ఓ కూడా ఆ ఏడాదే లాటరీకి మారింది.

అయితే కీనోట్‌లో చెప్పినదంతా సాయంత్రానికి లోకమంతా చదివేస్తుంది. అంత దూరం వెళ్లవలసింది ల్యాబ్ కోసం. పెద్ద హాలుకు దూరంగా బల్లలు వేసి ఉంటాయి. బల్లకు అటువైపు సదస్సు పెట్టిన సంస్థ ఇంజనీర్లు కూర్చుంటారు. మీ నిద్ర చెడగొడుతున్న కోడ్ రాసిన మనిషే అక్కడ ఉండవచ్చు.

నా సంగతి చెబుతాను. నేను వెళ్లిన సదస్సు ఏ సంస్థదో పేరు చెప్పను. మేము తెలుగు కథలు చదువుకునే యాప్ ఒకటి తయారు చేశాం. చూపు మందగించినవాళ్లు అక్షరాలను బాగా పెద్దవి చేసుకుని చదివేవారు. అక్షరం పెరిగేకొద్దీ అడుగున వత్తులు తెగిపోయేవి. ‘రాష్ట్రం’ అన్న మాటలో ట వత్తు సగమే మిగిలేది, దాని కింది ర వత్తు కనిపించేదే కాదు. ఆ సంస్థకు మూడుసార్లు రాశాను. ‘మా దగ్గర ఈ సమస్య కనిపించడం లేదు’ అని మూడుసార్లూ జవాబు వచ్చింది. వాళ్లు పరీక్షించింది ఇంగ్లీషు వాక్యాలతో. వాటికి వత్తులెక్కడివి?

రెండోసారి వెళ్లినప్పుడు కీనోట్ క్యూ వదిలేసి ల్యాబ్ తెరవకముందే తలుపు దగ్గర నిలబడ్డాను. బల్ల దగ్గర ఉన్న ఇంజనీరు నా ఫోను తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఒక కాగితం, కలం నా వైపు జరిపి, ఈ అక్షరం చేత్తో రాసి చూపించమన్నాడు. పెద్దగా, నెమ్మదిగా రాశాను. ముందు ష. దాని కింద ట వత్తు. ఇంకా కిందకు ర వత్తు. అతను ఆ కలమే తీసుకుని, తన కోడ్ లెక్క ప్రకారం పంక్తి అడుగు ఎక్కడో అక్కడ అడ్డంగా గీత గీశాడు. ర వత్తు మొత్తం గీత కింద ఉండిపోయింది. దాని మీద వేలు పెట్టి అతను కాసేపు మాట్లాడలేదు.

జరిగింది ఇదీ. పంక్తి ఎత్తును ఇంగ్లీషు ఫాంటు కొలతతో నిర్ణయిస్తున్నారు. తెలుగు అక్షరాలు వేరే ఫాంటులోంచి వస్తున్నాయి. ఆ ఫాంటు ఎంత లోతుకు దిగుతుందో కోడ్ అడగడమే లేదు. గీత దాటినదాన్ని తెర కోసేస్తోంది. అతను నా ఎదుటే బగ్ నమోదు చేసి, పైకి చదివి వినిపించి, ‘సరిగ్గా రాశానా?’ అని అడిగాడు. ఆ కాగితం తన దగ్గరే ఉంచుకుంటానన్నాడు. కొన్ని నెలల తర్వాత వచ్చిన అప్‌డేట్‌లో వత్తులు నిండుగా కనిపించాయి. ఆ రోజు ‘రాష్ట్రం’ అన్న మాటను ఎన్నిసార్లు తెరిచి చూసుకున్నానో! మూడు ఉత్తరాలకు కదలనిది ఒక్క కాగితానికి కదిలింది మిత్రులారా, ఒక్క కాగితానికి.

ఏ సెషన్లు ఎంచుకోవాలి, ఎవరిని కలవాలి అని రాసుకొచ్చిన కాగితాలు ఇవిగో, నా చేతిలోనే ఉన్నాయి. అవి నిర్వాహకులకు ఇచ్చి వెళ్తాను, కావలసినవాళ్లు తీసుకోండి. నేను చెప్పవలసింది ఇంకొకటి ఉంది.

1997 మే నెలలో ఆపిల్ డెవలపర్ సదస్సులో ఆ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన స్టీవ్ జాబ్స్ వేదిక మీద కూర్చుని ప్రశ్నలకు జవాబులిచ్చారు. ఓపెన్‌డాక్ అనే సాంకేతికతను ఆ సంస్థ అప్పుడే ఆపేసింది. దాన్ని నమ్ముకున్న డెవలపర్ ఒకరు లేచి, మీరు మాట్లాడుతున్న విషయం మీకు తెలియదు అని అందరి ముందూ అనేశారు. జాబ్స్ కాసేపు ఆగి జవాబు చెప్పారు. సాంకేతికతతో మొదలుపెట్టకూడదు, వాడేవారి అనుభవం దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి అన్న మాట ఆ జవాబులోదే. దాన్ని ఇప్పటికీ అందరూ తలుచుకుంటారు. నేను మాత్రం ఆ లేచి నిలబడిన మనిషిని తలుచుకుంటాను. ఆయన కటువుగా మాట్లాడారు, నిజమే. కానీ ఆయన చేతికి మైకు అందింది.

ఇప్పుడు అలాంటి మైకు ఎక్కడుంది? కోవిడ్ వల్ల 2020లో గూగుల్ ఐ/ఓ రద్దయింది, ఆపిల్ సదస్సు ఆన్‌లైన్‌కు మారింది. అప్పటి నుంచి ఆపిల్ కీనోట్‌ను ముందే చిత్రీకరించి చూపిస్తున్నారు. సెషన్ల వీడియోలు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. వెనకటిలా 1,599 డాలర్లు పెట్టలేనివాళ్లకు అది ఎంత మేలో నాకు తెలుసు, దాన్ని తక్కువ చేయను. కానీ వీడియోకు చెవులుండవు. నా కాగితం మీద గీత గీయడానికి బల్లకు అటువైపు ఒక మనిషి కావాలి.

అందుకే వెళ్తున్న మిమ్మల్ని చేతులెత్తి అడుగుతున్నాను. మీ బగ్‌ను పది పంక్తుల చిన్న ప్రోగ్రామ్‌గా కుదించి తీసుకెళ్లండి. మీ యాప్ మొత్తం చదివే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. ఫోనులో వీడియో తీసి పెట్టుకోండి. ముందు రాసిన నివేదిక సంఖ్య జేబులో ఉంచుకోండి. వెళ్లలేనివాళ్ల బగ్‌లు కూడా అడిగి పట్టుకెళ్లండి. మీకు వచ్చిన టికెట్టు లాటరీలో వాళ్లకు రాలేదు, అంతే తేడా.

వెనక వరుసలో అమ్మా, ఇంకా ఉన్నారా? ఉన్నారు. నా మాటలు ఇక్కడితో ఆపుతాను. నిర్వాహకులూ, దయచేసి ఈ మైకు ఆమెకు అందించండి. ఆ బగ్ ఏమిటో చెప్పండి, అందరం వింటాం.