ఎస్ఎంపీఎస్‌ను మిగిలిన డబ్బుతో కొనకండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకూ, ఈ సభ పెట్టినవారికీ కృతజ్ఞతలు. చాలామంది చేతుల్లో భాగాల జాబితాలు కనిపిస్తున్నాయి, అందుకని నేరుగా విషయంలోకి వస్తాను.

తక్కువ బడ్జెట్‌లో మొదటి గేమింగ్ కంప్యూటర్‌కి భాగాలు ఎంచుకోవడం ఎలా అన్నది నాకిచ్చిన అంశం. దీనికో వరస ఉంది. ముందు మానిటర్ తేల్చుకోవాలి. 1080పీ, 1440పీ అంటే తెర మీద చుక్కల వరసలెన్నో చెప్పే లెక్క. 1080పీకి చాలిన గ్రాఫిక్స్ కార్డు 1440పీకి చాలకపోవచ్చు. మానిటర్ తేలకుండా కార్డు వెతకడం కాలు కొలవకుండా చెప్పులు కొన్నట్టే. మానిటర్ తర్వాత కార్డు, ఆ తర్వాత ప్రాసెసర్, దానికి తగిన మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఆఖరున ఎస్ఎంపీఎస్, అంటే గోడ కరెంటుని తీసుకుని భాగాలన్నిటికీ తగినట్టు మార్చి ఇచ్చే పెట్టె, ఆపైన క్యాబినెట్.

ఆఖరున అన్నాను కదా, అక్కడే ఆగాలి. జాబితా ఈ వరసలో రాస్తాం, డబ్బు కూడా ఈ వరసలోనే ఖర్చు పెడతాం. ఎస్ఎంపీఎస్ దాకా వచ్చేసరికి చేతిలో చిల్లర మిగులుతుంది. లేదా క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చినదాన్నే బిగించేస్తాం. పెట్టె మీద 500 వాట్లు అని పెద్దక్షరాలు ఉంటాయి, చాలనుకుంటాం. ఆ పెద్దక్షరాలు చదవకండి. పక్కన అంటించిన చిన్న పట్టిక చదవండి. అందులో 12 వోల్టుల ఎదురుగా ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి, దాన్ని 12తో గుణించండి. 20 ఆంపియర్లు ఉంటే 240 వాట్లు. మంచి 500 వాట్ల దానిలో అక్కడ 40 ఆంపియర్ల దాకా ఉంటుంది, అంటే 480 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ బతికేది ఈ 12 వోల్టుల మీదే. 5 వోల్టులు, 3.3 వోల్టుల దగ్గర చూపించిన వాట్లు వాటికి అందవు.

లెక్క వేద్దాం, మీరూ రాసుకోండి. ఆర్ఎక్స్ 6600 కార్డుకి 132 వాట్లు. రైజెన్ 5 5600 ప్రాసెసర్ మీద 65 వాట్లని ఉన్నా, పూర్తి బరువు పడితే 76 దాకా తీసుకుంటుంది. బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు, ఎస్ఎస్‌డీకి ఓ 50 వేసుకోండి. మొత్తం 258. ఇందాకటి 240 వాట్లది దీనికి చాలదని అక్కడే తేలిపోయింది. పైగా గ్రాఫిక్స్ కార్డు క్షణంలో ఓ చిన్న వంతు సేపు తన లెక్కకి మించి లాగుతుంది. అందుకే ఈ జోడీకి నిజాయితీగా 450 నుంచి 550 వాట్లు ఇచ్చే ఎస్ఎంపీఎస్ కావాలి.

చాలకపోతే ఏమవుతుందో చెప్తాను, ఎందుకంటే రోగం ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాస్తుంటారు. కంప్యూటర్ ఆన్ అవుతుంది. వీడియోలు ఆడతాయి. ఆట మొదలై పెద్ద దృశ్యం రాగానే తెర నల్లబడుతుంది, లేదా మిషను దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. అప్పుడు విండోస్ మళ్లీ ఎక్కిస్తారు, డ్రైవర్లు మారుస్తారు, బాగున్న కార్డుని వారంటీకి పంపిస్తారు. ఎస్ఎంపీఎస్ వైపు ఎవరూ చూడరు! ఓవర్ కరెంట్, ఓవర్ వోల్టేజ్, షార్ట్ సర్క్యూట్ రక్షణలు లేని నాసిరకంది పోతూ పోతూ బోర్డునీ కార్డునీ కూడా తీసుకుపోవచ్చు. దయచేసి వినండి, ఈ ఒక్క భాగం మాత్రం సెకండ్ హ్యాండ్‌లో కొనకండి. 80 ప్లస్ గుర్తు చూసి ధీమా పడకండి. గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా కాకుండా లోపలికి చేరుతుందన్నదే ఆ గుర్తు చెబుతుంది. రక్షణల సంగతి దానికి పట్టదు.

సరే, కార్డు దగ్గరికి వెళ్దాం. పేరు ఒకటే అయినా సరుకు వేరుగా ఉంటుంది, జాగ్రత్త. ఆర్‌టీఎక్స్ 3050లో 8 జీబీది, 6 జీబీది ఉన్నాయి. తేడా మెమరీలోనే లేదు, 6 జీబీ దానిలో కోర్లు కూడా తక్కువ. అయితే అది 70 వాట్లతో స్లాటు నుంచే నడుస్తుంది, విడిగా పవర్ కేబుల్ అడగదు. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీకి నాలుగే పీసీఐఈ లేన్లు, అంటే బోర్డుకీ కార్డుకీ మధ్య డేటా నడిచే దారులు, మెమరీ 4 జీబీ. పీసీఐఈ 3.0 ఉన్న పాత బోర్డులో పెడితే ఆ దారి సగమైపోయి ఆట తడబడుతుంది.

ప్రాసెసర్ గురించి రెండే ముక్కలు. ఇంటెల్ పేరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. రైజెన్ 5 5600కి ఎఫ్ లేకపోయినా గ్రాఫిక్స్ లేదు. కార్డు తర్వాత కొందామనుకుంటే వీటితో తెర వెలగదు. బీ450 లాంటి పాత బోర్డు కొంటే, బయోస్, అంటే ఆన్ చేయగానే బోర్డుని నడిపించే లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ అయి ఉందో లేదో అడిగి తీసుకోండి. లేకపోతే 5600ని అది గుర్తుపట్టదు.

ర్యామ్ 16 జీబీ ఒకే కర్రగా వద్దు, 8 జీబీవి రెండు తీసుకోండి. నాలుగు స్లాట్లుంటే చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టాలి. బయోస్‌లో ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేయకపోతే డీడీఆర్4 తరం 3200 వేగం ర్యామ్ కూడా చాలావరకు 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తుంది. డీడీఆర్4 బోర్డులో డీడీఆర్5 దిగదు, గాడి వేరే చోట ఉంటుంది.

మళ్లీ ఎస్ఎంపీఎస్ దగ్గరికే వస్తున్నాను, క్షమించండి, ఇది చెప్పకుండా దిగలేను. కేబుళ్లు ఊడొచ్చే మాడ్యులర్ రకం అయితే, పాతదాని కేబుళ్లు కొత్తదానికి పెట్టకండి. ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల అమరిక కంపెనీకి ఒకలా ఉంటుంది. ప్లగ్గు చక్కగా దిగుతుంది, ఎస్ఎస్‌డీ కాలిపోవచ్చు.

మానిటర్ కేబుల్ బోర్డుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టండి. 144 హెర్ట్జ్, అంటే సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చే మానిటర్ కొన్నవాళ్లు విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 60 మీదే ఉండిపోయిందేమో చూసుకోండి.

ఇప్పుడు మీ జాబితాలు తియ్యండి. ముందు వరస నుంచి ఒక్కొక్కరు లేచి, మీరు రాసుకున్న ఎస్ఎంపీఎస్‌కి 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లో చెప్పండి. మీ కార్డుకి చాలుతుందో లేదో కలిసి లెక్కేద్దాం.