డిసేబిలిటీ పింఛను కాదన్నారా? మాజీ సైనికులు ట్రిబ్యునల్‌కు వెళ్లే దారి

(తెర మీద: రేకు పెట్టె. డిశ్చార్జి బుక్కు కింద మడతపెట్టిన ఖాకీ కవరు.)

నమస్తే. ఈ కవరు మా నాయినది. 2009లో వచ్చింది. నకిరేకల్ దగ్గర మా ఇంట్లో, ఈ పెట్టెలోనే తొమ్మిదేళ్లు పడి ఉంది. లోపల ఒకే ఒక్క కాగితం. ‘మీ జబ్బు సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు, కాబట్టి డిసేబిలిటీ పింఛను రాదు’ అని అందులోని మాట. నాయిన దాన్ని నాతో చదివించుకుని, "సర్కారే రాదన్నాక ఇంకేం జేస్తం బిడ్డా" అని మడతపెట్టి లోపల పెట్టేశాడు.

మా నాయిన పదిహేడేళ్లు ఆర్మీలో డ్రైవరు. లద్దాఖ్ మంచుకొండల్లోని లేహ్ రోడ్డు మీద ట్రక్కులు నడిపాడు. భర్తీ అయిన రోజు ఏ జబ్బూ లేదు. ఇంటికి వచ్చేనాటికి బీపీ. ఆర్మీ డాక్టర్ల మెడికల్ బోర్డు దాన్ని 30 శాతం వైకల్యమని రాసింది. శాతం రాసి, పింఛను మాత్రం కాదంది. ఇలాంటి ఉత్తరం నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు వైపు మీ ఇంట్లో కూడా ఉంటే ఈ వీడియో మీకోసమే.

(తెర మీద: మెడికల్ బోర్డు ఫారం, ఒక గడి దగ్గరగా.)

ఇది డిశ్చార్జికి ముందు మెడికల్ బోర్డు నింపే ఫారం, ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16. ఈ గడి చూడండి. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా? ‘కాదు’. కారణం ఏమిటి? ‘శరీర తత్వం వల్ల వచ్చిన జబ్బు’ అని ఒక్క లైను. అంతే. లేహ్ మాట లేదు, చలి మాట లేదు, నిద్ర లేని రాత్రుల మాట లేదు.

ఆ ఒక్క లైను చాలదని సుప్రీంకోర్టు చెప్పింది. 2013 జులైలో, ధరమ్‌వీర్ సింగ్ కేసులో. ఆయన సిగ్నల్స్ కోర్‌లో సిపాయి. 1985లో చేరాడు, ఫిట్స్ వస్తున్నాయని 1994లో ఇంటికి పంపారు, పింఛను ఇవ్వలేదు. కోర్టు ఏమందంటే: చేరేటప్పుడు జబ్బు ఉందని రికార్డుల్లో రాయకపోతే, ఆ మనిషి ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలి. జబ్బు సర్వీసు వల్ల రాలేదని నిరూపించాల్సిన భారం ప్రభుత్వానిదే, సైనికుడిది కాదు. అనుమానం ఉంటే ఆ లాభం సైనికుడికే దక్కాలి. బోర్డు కాదంటే ఎందుకు కాదో కారణాలు రాయాలి.

అయితే అన్ని కేసులూ గెలుస్తాయని నేను చెప్పను. బోర్డు కారణాలు వివరంగా రాసిన చోట ఓడినవాళ్లూ ఉన్నారు. అందుకే ముందు ఆ ఫారం చేతికి రావాలి. మీ దగ్గర లేకపోతే సర్వీసు కాగితాలు ఉంచే ఆర్మీ రికార్డ్స్ ఆఫీసుకు సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. చేరేటప్పటి మెడికల్ కాగితాలు, పోస్టింగుల వివరాలు కూడా అడగండి.

ఇప్పుడు డబ్బు లెక్క. నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం ఇస్తారు. జీతం 40,000 అనుకుందాం. నూరు శాతానికి 12,000. 30 శాతానికి 3,600. కానీ 50 లోపు ఉన్న శాతాన్ని 50గా లెక్కగట్టే పద్ధతి ఉంది. సర్వీసు పూర్తి చేసుకుని వచ్చినవాళ్లకూ అది వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే 3,600 కాస్తా 6,000 అవుతుంది, నెలనెలా. 2023 సెప్టెంబరు 21 తర్వాత సర్వీసు నుంచి వచ్చినవాళ్లకు మాత్రం కొత్త నిబంధనలు. వాళ్ల లెక్క వేరు.

(తెర మీద: ఉత్తరం పైభాగంలో తేదీ.)

ఇక దారి. నేరుగా కోర్టుకు పోకూడదు. ముందు ఆర్మీలోనే మొదటి అప్పీలు, అది కొట్టేస్తే రెండో అప్పీలు. గడువు సాధారణంగా ఆరు నెలలు. రిజిస్టర్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. ఆరు నెలలైనా జవాబు రాకపోతే ఇక ఎదురుచూడక్కర్లేదు, ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. ఆ రసీదే మీకు సాక్ష్యం.

ట్రిబ్యునల్ అంటే సాయుధ దళాల ట్రిబ్యునల్. 2007 చట్టంతో వచ్చింది, 2009 నుంచి పనిచేస్తోంది. మన తెలంగాణ చెన్నై బెంచి కిందికి వస్తుంది. హైదరాబాద్‌లో సిట్టింగ్ ఎప్పుడుందో వకీలును అడిగి తెలుసుకోండి. ఈ కేసు నల్లగొండ సివిల్ కోర్టులో వేస్తామని ఎవరైనా అంటే ఫీజు కట్టకండి. సర్వీసు వ్యవహారాలు సివిల్ కోర్టు వినడానికి లేదు. వకీలు లేకుండా మీ కేసు మీరే చెప్పుకోవచ్చు కూడా.

చివరి ఆర్డరు వచ్చాక ట్రిబ్యునల్‌కు గడువు ఆరు నెలలు. దాటిపోయినా భయపడకండి, ఆలస్యం ఎందుకైందో రాసి మన్నించమని విడిగా దరఖాస్తు పెట్టాలి. పింఛను ప్రతి నెలా రావాల్సింది కాబట్టి, రాని ప్రతి నెలా అన్యాయం కొనసాగుతున్నట్టే. ఈ మాట 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అదే తీర్పులో ఇంకో మాట ఉంది. ఆలస్యంగా వస్తే, బకాయిలు సాధారణంగా కేసు వేసిన రోజుకు ముందు మూడేళ్లకే ఇస్తారు.

మాకు దెబ్బ పడింది ఇక్కడే. మేం 2018లో వేశాం. గెలిచాం, 30 శాతాన్ని 50గా లెక్కగట్టారు. బకాయిలు మాత్రం 2015 నుంచే. అంతకుముందు ఆరేళ్ల డబ్బు పోయింది. అమ్మ కంటి ఆపరేషన్ డబ్బుల్లేక వాయిదా పడింది ఆ ఏళ్లలోనే. ఆ ఉత్తరం చదివింది నేను. అప్పుడు నాకు ఇంటర్ చదువు ఉంది, అయినా ఎవరినీ అడగాలని తోచలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

ట్రిబ్యునల్‌లో ఓడితే హైకోర్టుకు రిట్ వేయొచ్చని 2023 మార్చిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. న్యాయపరంగా అందరికీ సంబంధించిన పెద్ద ప్రశ్న ఉంటే సుప్రీంకోర్టుకూ వెళ్లొచ్చు.

ఫీజు భయం ఉంటే ముందు సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి, తర్వాత జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు. డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పింఛను మంజూరు చేసిన ఆర్డరు), కాదన్న ఉత్తరం, బోర్డు ఫారం, ఆధార్, అన్నీ రెండేసి జిరాక్సులు. అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వకండి. ఆయన లేకపోతే భార్య కూడా ఈ కేసు నడపొచ్చు. అమ్మా, పెట్టెలో ఆ కవరు ఉంటే ఇవాళే బయటికి తీసి, తేదీ ఎవరితోనైనా చదివించుకోండి.