కడప ఉక్కు: ఎవరిని ఏం అడగాలి?

సభకు వచ్చిన పెద్దలకు, జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల రైతులకు, డిగ్రీలు చదివి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న పిల్లలకు నమస్కారం.

ఉక్కు ఫ్యాక్టరీ మాటెత్తితే చాలు, మన దగ్గర ఒకటే తగువు. మా నాయకుడు పునాదిరాయి వేశాడు, మీవాడు అడ్డుపడ్డాడు అని. రాళ్లకేం కొదవ లేదు. 2007లో రాజశేఖరరెడ్డి గారు బ్రహ్మణీ స్టీల్స్‌కు వేశారు. 2018 డిసెంబరులో చంద్రబాబు గారు కంబాలదిన్నె దగ్గర వేశారు. మరుసటి డిసెంబరులో జగన్మోహన్‌రెడ్డి గారు సున్నపురాళ్లపల్లెలో వేశారు. 2023 ఫిబ్రవరిలో జిందాల్ సంస్థ కోసం అదే ఊళ్లో ఇంకోసారి వేశారు.

తప్పు ఎవరిదంటే, ఒక్కొక్క ఆటంకానికి ఒక్కొక్కరు జవాబు చెప్పాలి. బ్రహ్మణీ యజమాని గాలి జనార్దనరెడ్డి 2011లో గనుల కేసులో అరెస్టయ్యారు. ఆ ఫ్యాక్టరీ ఆగిపోయినందుకు ఢిల్లీని తిట్టి లాభం లేదు, దాన్ని ఆయన చేతుల్లో పెట్టినవాళ్లనే అడగాలి.

2014 తర్వాతి కథ వేరు. విభజన చట్టం 13వ షెడ్యూలు చూడండి. మన జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమా కాదా అన్నది ఆరు నెలల్లో కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ పరిశీలించాలని ఉంది. కట్టి తీరాలని ఎక్కడా లేదు! తెలంగాణకు ఖమ్మం జిల్లా విషయంలోనూ అంతే. లాభసాటి కాదని సెయిల్ తేల్చిందంటూ 2018లో కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పి చేతులు దులుపుకుంది. చట్టం రాసినవాళ్లు వదిలిన సందు అది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే పెద్ద ద్రోహం అదే. అప్పటి ఖమ్మం జిల్లాలోని బయ్యారంవాళ్లూ మనమూ కలిసి అడగాల్సింది, విడివిడిగా అరుస్తున్నాం.

ఇక రాష్ట్ర ప్రభుత్వాలు. విశాఖ ఉక్కుకు 1971లో శంకుస్థాపన జరిగితే 1992లో జాతికి అంకితమైంది. ప్రాణాలిచ్చి సాధించుకున్న ఆ ఫ్యాక్టరీ కూడా సొంత గనులు లేక ఈనాటికీ అవస్థ పడుతోంది. అది కళ్లముందు పెట్టుకుని కూడా మనవాళ్లు రాయి ముందు వేసి, ఖనిజం, అప్పు సంగతి తర్వాత చూసుకోవచ్చనుకున్నారు.

అందుకని కలెక్టరు గారికి ఈరోజు ఇవ్వబోయే వినతిపత్రంలో ఏ పార్టీ పేరూ రాయలేదు. భూమి ఎవరి పేరున ఉంది, గండికోట నీళ్లు ఎన్ని కేటాయించారు, ఖనిజం ఏ గని నుంచి వస్తుంది, డబ్బు ఏ బ్యాంకు ఇస్తోంది, ఈ నాలుగూ రాతపూర్వకంగా చెప్పమన్నాం. సంతకాలు పెట్టే కాగితాలు ఆ బల్ల మీద ఉన్నాయి. ఏ జెండా పట్టుకున్నవాళ్లయినా రండి.